పెరటి ఆకు పెరటికే

మాఘమాసం ముగిసే వేళకు హైదరాబాదు అడిక్‌మెట్ గల్లీల్లో తెల్లవారేది ఈనెల చీపురు చప్పుడుతోనే. వీధి వెంట కానుగలూ, ఇళ్ల మధ్య మిగిలిన వేపలూ ఒక్కసారిగా ఆకు రాలుస్తాయి. ఊడ్చిన ఆకు గోనెసంచుల్లోకి ఎక్కి చెత్త ఆటోలో వెళ్లిపోతుంది. అంత ఓపిక లేని చోట గోడవార కుప్పపడి కాలుతుంది. వారం పది రోజులు గడవకముందే అదే గేటులోంచి ఇంకో సంచి లోపలికి వస్తుంది. నర్సరీలో కొన్న వర్మీకంపోస్టు, దానితోపాటు తేమ నిలవడానికని కోకోపీట్ ఇటుక. ఎండలు ముదిరేసరికి పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి పైపు పట్టుకుని నిలబడే పని మొదలవుతుంది. చిక్కడపల్లి, అశోక్‌నగర్, నారాయణగూడ వైపు గజాల లెక్కన మిగిలిన చిన్న చిన్న పెరళ్లలో ఇది ఏటా నడిచే తంతే. తోట పెంచడం ఖరీదైన పని, తీరిక ఉన్నవాళ్ల పని అనే మాట ఇక్కడినుంచే పుట్టింది. నిజానికి ఆ ఖర్చులోనూ చాకిరీలోనూ పెద్దభాగం తోటది కాదు. బయటికి పోయిన మొదటి సంచి లోటును లోపలికి తెచ్చిన రెండో సంచితో, పైపు నీళ్లతో పూడ్చుకోవడానికి పడే పాటు అది. రాలిన ఆకును రాలిన చోటే ఉంచితే ఆ పాటులో ఎంతో తగ్గుతుంది. ఎందుకు తగ్గుతుందో చెప్పడానికి భౌతికశాస్త్రం కొంత, నేలలోని జీవశాస్త్రం కొంత కావాలి.

ముందు ఆకులో ఏముందో చూద్దాం. చెట్టు తన ఆకును ఊరికే పారేయదు. పండుబారే దశలో ఆకులోని నత్రజనిలో ఇంచుమించు సగాన్ని వెనక్కి కొమ్మల్లోకి లాగేసుకుంటుంది. అలా లాక్కున్నాక కూడా ఎండుటాకులో నూటికి ఒక పాలు అటూ ఇటూగా నత్రజని మిగులుతుంది. మంచి వర్మీకంపోస్టులో ఉండేది నూటికి ఒకటి, ఒకటిన్నర పాళ్లు. కాకపోతే వర్మీకంపోస్టులోని పోషకాలు మొక్కకు వెంటనే అందే రూపంలో ఉంటాయి, ఆకులోనివి నెలల తరబడి మెల్లగా విడుదలవుతాయి. ఈ తేడా నిజమే కానీ పెరట్లో ఏళ్ల తరబడి నిలిచే మొక్కకు ఆ నిదానమే మేలు. ఇక ఆకు బరువులో సగానికి దగ్గరగా ఉండేది కర్బనం. మొక్క తనకు కావలసిన కర్బనాన్ని గాలిలోంచే తీసుకుంటుంది, కాబట్టి నేలలోది దానికి నేరుగా అక్కర్లేదు. నేలలోని సూక్ష్మజీవులకూ వానపాములకూ మాత్రం అదే తిండి. ఎంత ఎరువు కొని పోసినా ఈ తిండి లేని నేల కొన్నాళ్లకు ఇటుకలా బిగుసుకుపోతుంది. కోకోపీట్‌లో పోషకాలు దాదాపు ఉండవు, అది తేమను పట్టి ఉంచే పీచుపొడి మాత్రమే. చివికిన ఆకు ఆ పనీ చేస్తుంది, పోషకాలూ ఇస్తుంది.

ఇంతకన్నా పెద్ద మేలు ఆకు కుళ్లకముందే జరుగుతుంది. ఎండాకాలం మిట్టమధ్యాహ్నం మన ఊళ్లో గాలి 40 డిగ్రీలు ఉంటే, ఎండ నేరుగా తగిలే కప్పులేని మట్టి పైపొర 55 డిగ్రీలు దాటడం మామూలే. మే నెలలో హైదరాబాదులో తెరిచి ఉంచిన నీటి తొట్టిలోంచి రోజుకు సుమారు 10 మిల్లీమీటర్ల నీరు ఆవిరవుతుంది. చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు అంటే ఒక లీటరు. ఈ లెక్కను 10 అడుగుల పొడవు, 10 అడుగుల వెడల్పు ఉన్న పెరటికి వర్తింపజేస్తే, పైపొర ఎప్పుడూ తడిగా ఉండేలా చూసుకుంటే రోజుకు 90 లీటర్ల దాకా గాలిలో కలిసిపోవచ్చు. మనం చేసేది ఇంచుమించు అదే. ఒక బకెట్, అంటే 15 లీటర్లు, ఆ పెరడంతా చిలకరిస్తే నేల మీద పడేది ఒకటిన్నర మిల్లీమీటర్ల పైచిలుకు. అది అర అంగుళమైనా దిగకుండానే మర్నాటికి ఆవిరవుతుంది, వేరుకు అందదు. మట్టికి ఒక సహజగుణం ఉంది. పైపొర పూర్తిగా ఎండిపోతే లోపలి తేమ పైకి ఎగబాకే దారి తెగిపోయి ఆవిరి నెమ్మదిస్తుంది. రోజూ చిలకరించే నీరు ఆ దారిని రోజూ మళ్లీ తెరుస్తుంది. రోజూ నీళ్లు పోసే పెరడే ఎప్పుడూ దాహంతో ఉండటానికి కారణం ఇదే.

నాలుగు వేళ్ల మందాన ఎండుటాకు కప్పితే ఈ లెక్క తిరగబడుతుంది. ఎండను ఆకు అడ్డుకుంటుంది కనుక మట్టి పైపొర వేడి పది డిగ్రీలకు పైగా తగ్గుతుంది. ఆకుల సందుల్లో కదలని గాలి నిలిచి, నేలలోంచి లేచే ఆవిరిని తొందరగా బయటికి పోనివ్వదు. వీచే వడగాలి మట్టిని తాకదు. ఈ మూడూ కలిస్తే ఆవిరయ్యే నీరు సగానికి సగం తగ్గడం వింతేమీ కాదు. రోజూ చిలకరించే బదులు నాలుగైదు రోజులకొకసారి పాదు నిండా పోస్తే నీరు జానెడు లోతుకు దిగుతుంది, వేరు కూడా దానితోపాటే దిగుతుంది. నగరానికి కృష్ణా, గోదావరి నీళ్లు వంద కిలోమీటర్లకు పైగా దూరం నుంచి పంపుల మీద ఎక్కి వస్తున్నాయి. ఆ నీటిని పెరట్లో ఆవిరి చేసుకోవడం ఇంటి బిల్లుకు మించిన నష్టం. ఇక్కడ గమనించాల్సిన ఇంకో సంగతి ఉంది. ఎండలు ముదరబోతున్నాయనగా, సరిగ్గా ఆ ముందు నెలలోనే ఈ ప్రాంతపు చెట్లు ఆకు రాలుస్తాయి. రోహిణి కార్తె ఎండకు రోళ్లు పగులుతాయంటారు. ఆ ఎండ రాకముందే వేరు మీదికి గొడుగు పరుచుకునే ఏర్పాటు చెట్టు ఏటా చేసుకుంటోంది. ఆ గొడుగును మనం ఫిబ్రవరిలో ఊడ్చేసి, ఏప్రిల్ నుంచి పైపుతో నేలను చల్లబరుస్తున్నాం.

వానాకాలంలో ఆకు చేసే పని వేరు. తెలంగాణ ఎర్రనేలలకు ఒక బలహీనత ఉంది. పెద్ద చినుకు నేరుగా పడితే మట్టి గడ్డ చిట్లి, సన్నటి రేణువులు రంధ్రాలను మూసేసి, పైన పలకలాంటి పొర కడుతుంది. ఆ తర్వాత పడే నీరు ఇంకకుండా జారిపోతుంది. పటాన్‌చెరులోని ఇక్రిశాట్‌లో ఎర్రనేలల మీద జరిగిన ప్రయోగాల్లో, దున్ని వదిలేసిన మడుల కంటే గడ్డి కప్పిన మడుల్లోనే వాననీరు బాగా ఇంకింది. చినుకు దెబ్బను గడ్డి కాచుకోవడమే అందుకు కారణం. అడిక్‌మెట్, నల్లకుంట, అశోక్‌నగర్ పక్కగా హుస్సేన్‌సాగర్ మిగులు నీటి నాలా పోతుంది. 2000 ఆగస్టులో ఒక్కరోజులో 24 సెంటీమీటర్ల వాన కురిసినప్పుడూ, 2020 అక్టోబరులోనూ లోతట్టు బస్తీలు ఏమయ్యాయో ఇక్కడివాళ్లకు చెప్పనక్కర్లేదు. నాలుగు పెరళ్లలో ఆకు పరిస్తే వరద ఆగదు, అలా అనడం మోసం. కానీ ఏడాదికి 80 సెంటీమీటర్ల వాన పడే ఊళ్లో 100 గజాల మిద్దె మీద కురిసేది 65 వేల లీటర్లకు పైమాటే. అందులో కొంతయినా మిద్దె గొట్టం కిందున్న పాదులోకి దిగితే ఆ మేరకు నాలాకూ బరువు తగ్గుతుంది, బోరుకూ ఊపిరి అందుతుంది.

ఆకు కప్పిన పాదును వానాకాలం నడుమ, ఆగస్టులో, ఒక పుల్లతో మెల్లగా ఎత్తి చూస్తే లోపల జరుగుతున్నదంతా కనిపిస్తుంది. పైన ఉన్న ఆకు ఇంకా గలగలలాడుతూనే ఉంటుంది. దాని కింది ఆకు మెత్తబడి, రంగు ముదిరి, ఒకదానికొకటి అంటుకుని ఉంటుంది. ఆ సందుల్లో నూలుపోగుల కంటే సన్నటి తెల్లటి దారాలు పాకి ఉంటాయి. ఆకులోని గట్టి పదార్థాన్ని కరిగించగల శిలీంధ్రాలు అవి. ఇంకా కిందికి వెళ్తే ఆకు కండ అంతా పోయి ఈనెల వల ఒక్కటే మిగులుతుంది, వెలుగుకు ఎదురుగా పడితే జల్లెడలా ఉంటుంది. ముట్టుకుంటే చుట్టుకుపోయే రోకలిబండ అక్కడే తిరుగుతూ ఉంటుంది. ఆ కిందది ఆకో మట్టో చెప్పలేం. నల్లగా, పొడిపొడిగా, తొలకరి వాసనతో ఉంటుంది. అక్కడక్కడ సన్న సేమ్యా ముక్కల్లా వానపాముల విసర్జనలు ఉంటాయి. 1881లో చార్లెస్ డార్విన్ తన చివరి పుస్తకాన్ని వానపాముల మీదే రాశాడు. ఇంగ్లండులో చాలా చోట్ల ఎకరానికి ఏటా పది టన్నులకు పైగా మట్టి వాటి పొట్టలోంచి పైకి వస్తుందని ఆయన లెక్కగట్టాడు. ఆకు తినడానికి వానపాము పైకి వస్తుంది, ఎండకూ ఎండకాచిన మట్టికీ భయపడి కిందికి పోతుంది. ఆ రాకపోకల్లో చేసిన బొరియలే వేరుకు గాలీ నీరూ అందే దారులు. గునపంతో మనం చేయాలనుకునే పని అది. ఆకు ఉంటే కూలి లేకుండానే జరుగుతుంది.

ఈ ఆలోచనకూ అడిక్‌మెట్‌కూ ఒక పాత బంధం ఉంది. ఉస్మానియా విశ్వవిద్యాలయానికి స్థలం వెతకడానికి నిజాం ప్రభుత్వం పిలిపించిన వాళ్లలో స్కాట్లండు నగర నిర్మాణ పండితుడు పాట్రిక్ గెడ్డిస్ ఒకరు. స్థలాలు పరిశీలించి 1923లో ఆయన నివేదిక ఇచ్చాడు. విశ్వవిద్యాలయం చివరకు ఈ అడిక్‌మెట్ నేలల మీదే వెలిసింది. గెడ్డిస్ మొదట వృక్షశాస్త్ర ఆచార్యుడు. లోకమంతా ఆకు మీదనే బతుకుతోందనీ, నాణేల చలామణీ కంటే ఆకుల చలామణీయే అసలు సంపద అనీ ఆయన బోధించేవాడు. 1918లో ఇందోర్ సంస్థానానికి ఇచ్చిన నివేదికలో ఊరి మురికినీ చెత్తనూ దూరంగా పారబోయకుండా తోటలకు మళ్లించాలని వాదించాడు. కొన్నేళ్లకు అదే ఇందోర్‌లో ఆల్బర్ట్ హోవర్డ్ పంట వ్యర్థాలనూ పేడనూ పొరలుగా వేసి ఎరువు చేసే పద్ధతికి శాస్త్రీయ రూపం ఇచ్చాడు. 1931లో దాన్ని పుస్తకంగా తెచ్చాడు. ఇవాళ ప్రపంచమంతా కంపోస్టు అని పిలిచే విద్యకు ఇందోర్ పద్ధతి ఒక మూలం. అది పరాయి దేశం నుంచి మనకు వచ్చిన విద్య కాదని హోవర్డే చెప్పుకున్నాడు, ఇక్కడి రైతులను చూసీ, చైనా రైతుల అనుభవం నుంచీ నేర్చుకున్నానన్నాడు. కానుగ రొట్ట కోసి వరిమడిలో తొక్కే అలవాటు మన పల్లెల్లో ఎంత పాతదో తెలిసినవాళ్లకు అందులో ఆశ్చర్యం ఉండదు.

మరి ఇంత మేలైతే అందరూ ఎందుకు చేయరు? చేయకపోవడానికి చెప్పే కారణాల్లో కొన్ని గట్టివే, వాటిని తేలిగ్గా కొట్టిపారేయకూడదు. శాస్త్రం చదివినవాళ్లు ముందు లేవదీసేది నత్రజని సంగతి. కుళ్లబెట్టే సూక్ష్మజీవులకు 25 నుంచి 30 పాళ్ల కర్బనానికి ఒక పాలు నత్రజని కావాలి. ఎండుటాకులో ఒక పాలు నత్రజనికి 50, 60 పాళ్ల కర్బనం ఉంటుంది, రంపపు పొట్టులో వందల్లో ఉంటుంది. తగ్గిన నత్రజనిని అవి మట్టిలోంచి గుంజుకుంటాయి, మొక్క పసుపుబారుతుంది. ఇది నిజం, కానీ ఆకును మట్టిలో కలిపి తవ్వినప్పుడే నిజం. పైన పరిచి వదిలేస్తే ఆకు మట్టికి తగిలే సన్నటి పొరలోనే ఆ గుంజులాట జరుగుతుంది, జానెడు కింద ఉన్న వేరు దాకా రాదు. అంటే ఇక్కడ తక్కువ పని చేయడమే సరైన పని. అమెరికాలో రూత్ స్టౌట్ అనే ఆవిడ 1955లో నడుము నొప్పి లేని తోటపని గురించి పుస్తకం రాసి, ఏడాది పొడవునా గడ్డి కప్పి దున్నడం మానేయవచ్చని ఒప్పించింది. జపాను రైతు మసనోబు ఫుకువోకా దున్నకుండా, కలుపు మందు లేకుండా వరి పండించి చూపాడు. ఆయన పుస్తకాన్ని ‘గడ్డిపరకతో విప్లవం’ పేరుతో తెలుగువాళ్లూ చదివారు. వాళ్ల నేల, వాతావరణం వేరు. అక్కడ నెమ్మదిగా కుళ్లే ఆకు ఇక్కడి వేడికి, వానకు ఒక్క వానాకాలంలోనే చాలావరకు కరిగిపోతుంది. కాబట్టి ఒకసారి పరిచి మరిచిపోవడం మన దగ్గర కుదరదు, ఏటా పరవాల్సిందే. ఏటా రాలుతుంది కూడా.

ఇంట్లోవాళ్ల భయాలు వేరు. మొదటిది చెదలు. నేలలో పుట్టలు పెట్టే చెదపురుగుల్లో చాలా రకాలు ఎండిన ఆకునూ కట్టెనూ తింటాయి గాని పచ్చి మొక్క జోలికి అంతగా రావు. నీరు లేని ఎండాకాలంలో ఆకును మట్టిగా మార్చేది ఎక్కువగా అవే. ప్రమాదం మొక్కకు కాదు, ఇంటి తలుపులకు. అందుకని గోడకూ చెక్క చట్రాలకూ రెండడుగుల ఎడం వదలాలి, పాదులో ఆకు మరీ గలగలలాడకుండా అప్పుడప్పుడు తడపాలి. తేళ్లు, జెర్రులు, పాముల సంగతి కూడా ఇంతే. పరిచిన ఆకు వేరు, గోడమూల కుప్పపోసిన ఆకు వేరు. నాలుగు వేళ్ల మందం పొరలో పాము దాగే అవకాశం తక్కువ, అసలు లేదని కాదు. ఎక్కువగా దాగేది రాళ్లు, పాత పెంకులు, కట్టెలు కలిసిన కుప్పలో. అది వచ్చేది ఎక్కువగా ఎలుకల కోసం, ఎలుకలు వచ్చేది పారేసిన అన్నం, మాంసం కోసం. వండినదేదీ పాదులో వేయకపోతే ఆ వరుస అంతా మొదట్లోనే తెగుతుంది. ఆకు కదపాలనుకుంటే చేత్తో కాకుండా పుల్లతో కదపాలి. చిన్నపిల్లలు ఆడుకునే చోటును మాత్రం ఊడ్చి శుభ్రంగా ఉంచడమే మంచిది. మొక్క కాండానికి కూడా బెత్తెడు ఎడం వదలాలి. తడి ఆకు కాండాన్ని అంటుకుని ఉంటే మొదలు కుళ్లుతుంది.

దోమల భయం అన్నిటికన్నా పెద్దది, ఆ భయం పడటానికి మన ఊరికి కారణమూ ఉంది. మలేరియా క్రిమిని దోమ పొట్టలో రొనాల్డ్ రాస్ కనుగొన్నది 1897 ఆగస్టు 20న, ఇక్కడే, బేగంపేటలో. డెంగీని మోసే ఏడిస్ దోమ వేరే జాతి. అది ఇంటి చుట్టూ నిలిచిన మంచినీటి అంచున గుడ్లు పెడుతుంది, వారం పది రోజుల్లో గుడ్డు దోమవుతుంది. దానికి కావలసింది నిలిచిన నీరు, తడి ఆకు కాదు. నేల మీద పరిచిన ఆకు కింద నీరు నిలవదు, ఇంకిపోతుంది. ఆ లెక్కన తోటలో దోమల ఇల్లు ఎక్కడుందంటే కుండీల కింద పెట్టే ప్లాస్టిక్ పళ్లేల్లో, మూత లేని డ్రమ్ముల్లో. ఆకులోనూ రెండు మినహాయింపులు ఉన్నాయి. దొప్పలా వంగిన పెద్ద బాదం ఆకు, రోడ్డు పక్క నుంచి తెచ్చిన కొబ్బరి బోండాం డొక్క, ఈ రెండింటిలో వాననీరు నిలుస్తుంది. బాదం ఆకును చిదిమి పరవాలి, డొక్కను నాలుగు ముక్కలు చేసి బోర్లించాలి.

ఇక ఊడ్వని ఇల్లు లక్ష్మికి దూరమనే భావన. దీనికి శాస్త్రంతో బదులు చెప్పనక్కర్లేదు, మన అలవాటులోనే బదులుంది. ఊడ్చి, కల్లాపి చల్లి, ముగ్గు వేసేది వాకిలి. పెరట్లో పాదు వాకిలి కాదు. పల్లెలో పెంటదిబ్బ ఇంటి సంపదలో భాగమే, అది ఎంత పెద్దదైతే ఆ ఇంటి పొలం అంత బాగుంటుందని లెక్క. గజం భూమి లక్షలు పలికే చోట వాకిలీ పెరడూ ఒకటైపోయాయి, చీపురు రెండింటికీ ఒకే న్యాయం చేసింది. పాదు చుట్టూ నాలుగు ఇటుకలు నిలబెట్టి గీత గీస్తే చాలు. ఇటుకకు ఇవతల ఊడ్వాలి, ఆ ఊడ్చిన ఆకు అవతలికి పోవాలి. పనిమనిషికి ఈ ఒక్క మాట చెప్పడం సంచులు కట్టించడం కంటే తేలిక.

మా ఇంట్లో చెట్టే లేదు, ఆకు ఎక్కడిదంటారు కొందరు. ఊరు మొత్తం రాల్చిన ఆకు గేటు ముందే ఉంది. పక్కవాళ్లు కట్టిపెట్టిన సంచి అడిగితే సంతోషంగా ఇస్తారు. చెరకురసం బండి దగ్గర పిప్పి, కొయ్యపని దుకాణం ముందు చిత్రిక పొట్టు, టీ బండి దగ్గర వడకట్టిన పొడి, ఇవన్నీ ఈ గల్లీల్లో రోజూ పారబోసేవే. టీపొడిలో చక్కెర, పాలు ఉంటాయి కాబట్టి ఒకసారి కడిగి వేయాలి, లేకుంటే చీమలు పడతాయి. వంటింటి సంగతి వేరే. కూరగాయల తొక్కల్లో తేమ, నత్రజని ఎక్కువ. ఒక పాలు తొక్కలకు రెండు మూడు పాళ్ల ఎండుటాకు జతపడితే వాసన లేకుండా కుళ్లుతుంది. తొక్కలే వేస్తే గాలి ఆడక కంపు కొడుతుంది. ఆకు పొరను పక్కకు తీసి, జానెడు గుంతలో తొక్కలు వేసి, మళ్లీ ఆకు కప్పితే డబ్బా, మందు, జల్లెడ ఏవీ అక్కర్లేదు. ఇవే తొక్కలు డంపింగ్ యార్డులో గాలి అందని గుట్టల కింద మగ్గితే మీథేన్ పుడుతుంది. నూరేళ్ల లెక్కలో అది బొగ్గుపులుసు వాయువు కంటే పాతిక రెట్లకు పైగా వేడిని పట్టి ఉంచుతుంది. తడిచెత్తను వేరుచేయమని 2016 నాటి ఘనవ్యర్థాల నిబంధనలు కూడా చెప్పాయి. పెరడున్న ఇంటికి ఇంకో లాభం, ఆ గుంతల్లోంచి టమాటా, గుమ్మడి, బొప్పాయి మొలకలు వాటంతట అవే లేస్తాయి. నారు కొనే పనీ తప్పుతుంది. బియ్యం, పప్పు, ఆకుకూరలు కడిగిన నీళ్లకు సబ్బు తగలదు, వాటిని నేరుగా పాదుకు పోయవచ్చు. బట్టలుతికిన నీళ్లలోని సోడియం మట్టిని గట్టిపరుస్తుంది కనుక ఆకుకూరల మడికి వద్దు. జాలారు దగ్గర అరటి పెట్టే పాత పద్ధతి తెలివైనది. స్నానాల నీటిని అరటి తట్టుకుంటుంది, దానికి నీరు బాగా కావాలి.

ఆకు అన్నీ సరిచేయలేదు, వెలుతురును తేలేదు. ఈ ప్రాంతంలో పెరటి తోటలు విఫలమవడానికి ఎరువు కంటే నీడే పెద్ద కారణమని నా అభిప్రాయం. హైదరాబాదు 17.4 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. డిసెంబరు 21 మిట్టమధ్యాహ్నం సూర్యుడు దక్షిణాన 49 డిగ్రీల ఎత్తులోనే ఉంటాడు. అప్పుడు 30 అడుగుల ఇల్లు ఉత్తరం వైపు 26 అడుగుల నీడ పరుస్తుంది. జూన్ 21న సూర్యుడు నడినెత్తి దాటి కాస్త ఉత్తరానికి ఒరుగుతాడు, అదే ఇంటి నీడ దక్షిణాన మూడడుగులు మాత్రమే. అంటే ఇంటికి ఉత్తరాన ఉన్న పెరడు వానాకాలంలో కళకళలాడి, చలికాలంలో చీకటి కొట్టు అవుతుంది. మన టమాటా, వంకాయ, చిక్కుడు బాగా కాసేది ఆ చలికాలంలోనే, అవి రోజుకు ఆరు గంటల ఎండ అడుగుతాయి. ఉత్తరపు పెరట్లో అవి పెట్టి కాపు రాలేదని మందులు కొట్టడం దండగ. ఒక సుద్దముక్కతో డిసెంబరులో ఒకరోజు, మే నెలలో ఒకరోజు, గంటగంటకూ నీడ అంచు గీస్తే ఎక్కడేం పెట్టాలో తేలిపోతుంది. ఆకుకూరలకు మూడు నాలుగు గంటల ఎండ చాలు.

పని తగ్గాలంటే ఏటా నాటాల్సినవి తగ్గాలి, ఒకసారి నాటితే నిలిచేవి పెరగాలి. మునగకు చేతిమణికట్టంత కొమ్మ, దొండకు పెన్సిలంత ముదురు తీగ ముక్క, బచ్చలికి బజారు కట్టలో మిగిలిన లావుపాటి కాడ, పుదీనాకు ఆకు తుంచాక మిగిలిన వేరుకాడ, వామాకుకు పొరుగింటి నుంచి ఒక రెమ్మ. ఇవేవీ డబ్బుతో కొనేవి కావు. పొన్నగంటి కూర ఒకసారి పాకితే తడి ఉన్నంత కాలం చిగురిస్తూనే ఉంటుంది. మనం కలుపని పీకే గంగవాయిలి కూర మరీ విశేషమైనది. నీరు కరువైతే పగలు ఆకు రంధ్రాలు మూసుకుని, రాత్రి చల్లదనంలో తెరిచి బొగ్గుపులుసు వాయువు పీల్చి దాచుకుంటుంది. అలా నీటి ఆవిరిని ఆదా చేసుకునే మొక్కను పీకేసి, నీరు తాగే పాలకూర విత్తనం కొనడం అర్థం లేనిది. ఇక అసలు కలుపు. చాలా కలుపు గింజలు మొలవడానికి వెలుతురు తగలాలి, ఆకు కప్పు కింద అవి లేవవు. తుంగ మాత్రం లేస్తుంది. దాని గడ్డ సూదిలాంటి మొలకతో ఎంతటి ఆకు పొరనైనా పొడుచుకుని వస్తుంది. దాన్ని చేత్తో పీకడం తప్ప దారి లేదు. కాకపోతే ఆకు కింద మెత్తబడిన మట్టిలోంచి గడ్డతో సహా వస్తుంది.

దీనివల్ల కూరగాయల ఖర్చు తీరిపోతుందా అంటే, తీరదు. ఉల్లి, టమాటా, ఆలుగడ్డ పండించి చిక్కడపల్లి మార్కెట్ ధరను చిన్న పెరడు ఓడించలేదు, ఆ పోటీకి దిగడమే తప్పు. గెలిచేది కోసిన గంటకే వాడిపోయే వాటిలో. కరివేపాకు, పుదీనా, గోంగూర, మునగాకు, బచ్చలి, ఇవి బజారులో ఎంత తాజావి కొన్నా పెరటి నుంచి వచ్చినంత తాజాగా ఉండవు, కట్టలో సగం పారేయాల్సి వస్తుంది. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదన్న సామెత దగ్గరున్న దాన్ని లెక్కచేయని మన గుణం గురించే, చెట్టు గురించి కాదు. పెరడే లేనివాళ్లకూ హైదరాబాదు అంచునే ఒక నమూనా ఉంది. కథకుడు తుమ్మేటి రఘోత్తమరెడ్డి నారపల్లిలోని తన ఇంటి మిద్దె మీద ఏళ్ల తరబడి కూరగాయలు, పండ్లు పండించి, ‘మిద్దెతోట’ అనే మాటను తెలుగునాట ఇంటింటి మాట చేశారు. ఆయన చిన్న కుండీల కంటే పెద్ద మడులకే ప్రాధాన్యం ఇచ్చారు, అందులో శాస్త్రం ఉంది. పన్నెండు అంగుళాల కుండీలో మొక్కకు అందే నీరు మహా అయితే రెండు మూడు లీటర్లు. మే నెలలో ఏపుగా ఉన్న వంగమొక్క రోజుకు లీటరు పైగా తాగేస్తుంది. కుండీల్లో మొక్కలు పెంచేవాళ్లు ఊరికి వెళ్లలేకపోవడం ఇందుకే. మట్టి ఎంత ఎక్కువైతే చాకిరీ అంత తక్కువ. అందుకే మిద్దెతోట ఇచ్చే పంట ఎంత గొప్పదైనా, రెండు చదరపు గజాల నేల దొరికే అవకాశం ఉన్నవాళ్లు ముందు నేలనే వెతుక్కోవాలి.

చాలా ఇళ్లలో ఆ నేల ఉంది, షాబాదు బండల కింద ఉంది. మిద్దె మీది వాననీటి గొట్టం దిగే చోట రెండు బండలు లేపితే చాలు. ముందు బయటపడేది మట్టి కాదు, మొరం, ఇటుక ముక్కలు, సిమెంటు పెచ్చులు. సిమెంటు సున్నం మట్టిని క్షారంగా మారుస్తుంది, దానివల్ల ఇనుము ఉన్నా వేరుకు అందదు. అలాంటి చోట పెట్టిన కరివేపాకు కొత్త చిగురు ఈనెలు ఆకుపచ్చగా, మధ్య భాగం పసుపుగా వస్తుంది. కాబట్టి రెండడుగుల లోతు తవ్వి పెచ్చులు ఏరేయాలి, గుంతను మాఘంలో ఊడ్చిన ఆకుతో దట్టించి, మధ్యమధ్య పిడికెడు ఎర్రమట్టి, వంటింటి తొక్కలు వేసి, వారానికోసారి ఒక బకెట్ పోస్తూ ఉండాలి. మనిషి నిలబడి తొక్కి నింపిన ఆకు కూడా మృగశిర కార్తె నాటికి మూడో వంతుకు దిగిపోతుంది. ఆ ఖాళీలో మట్టి నింపి, పొరుగింటి కరివేపాకు చెట్టు వేరు నుంచి లేచిన పిలకను తొలకరి తడిలో పెట్టి, చుట్టూ మిగిలిన ఎండుటాకు పరిచేయవచ్చు.